ఒకే పాట, రెండు చట్టాలు: స్వీడన్‌లో నయా నాజీ రాక్ సంగీతం

స్వీడన్‌లో ఒక జాతి విద్వేష గీతాన్ని హాల్లో వేదికెక్కి పాడితే పోలీసులు అక్కడికక్కడే వచ్చి పట్టుకోవచ్చు. మామూలు ప్రాసిక్యూటర్ కేసు పెడతారు, మామూలు కోర్టు విచారిస్తుంది. అదే పాటను సీడీగా వేసి అమ్మారనుకోండి, వ్యవహారం మొత్తం మారిపోతుంది. దాని మీద కేసు పెట్టే అధికారం దేశం మొత్తానికీ జస్టిస్ చాన్సలర్ అనే ఒక్క అధికారికే ఉంటుంది. అదైనా సీడీ బయటికొచ్చిన ఏడాదిలోపు పెట్టాలి. పెట్టాక తొమ్మిది మంది జ్యూరీ కూర్చుంటుంది. వాళ్ళు తప్పు లేదని తేలిస్తే జడ్జి కూడా ఏమీ చెయ్యలేరు.

శ్వేతజాతి ఆధిపత్యాన్ని పాడే రాక్ సంగీతం 1990లలో ప్రపంచంలోనే ఎక్కువగా తయారైన దేశాల్లో స్వీడన్ ఒకటి. సంక్షేమానికీ సమానత్వానికీ పేరుపడ్డ దేశంలో ఇదేమిటని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. నిరుద్యోగం, వలసలు, కుర్రాళ్ళ కోపం అంటూ కారణాలు చెప్పారు. అవన్నీ నిజమే. కానీ అవే కారణాలు చుట్టుపక్కల దేశాల్లోనూ ఉన్నాయి. స్వీడన్ విషయంలో వాటికి తోడు అక్కడి చట్టాల అల్లిక ఒకటి ఉంది. జాతి విద్వేషాన్ని గట్టిగా నిషేధించిన శిక్షాస్మృతి ఒకవైపు, అచ్చయిన మాటకూ రికార్డయిన మాటకూ రాజ్యాంగ స్థాయిలో రక్షణ ఇంకోవైపు. ఈ రెండింటి మధ్య సందులోనే ఆ సంగీతం పెరిగింది. పాటలో ఏముందన్న ప్రశ్న కన్నా అది ఏ రూపంలో జనానికి చేరింది, దానికి బాధ్యులెవరు, గడువెంత, తీర్పు ఎవరిది అన్న ప్రశ్నలే చాలాసార్లు ఫలితాన్ని తేల్చేశాయి.

విద్వేష చట్టం పుట్టుక ఒక మనిషితో ముడిపడి ఉంది. ఐనర్ ఓబెర్గ్ అనే యూదు వ్యతిరేక ప్రచారకుడు 1940లలో స్టాక్‌హోమ్‌లో పుస్తకాల షాపు నడిపేవాడు. యూదులకూ, సగం యూదులకూ ప్రవేశం లేదని కిటికీలో బోర్డు పెట్టాడు. యుద్ధం ముగిసి, నాజీ శిబిరాల్లో ఏం జరిగిందో లోకానికంతా తెలిసిన తర్వాత కూడా కరపత్రాలు అచ్చేసి పంచుతూనే ఉన్నాడు, విదేశాలకు కూడా పోస్టు చేసేవాడు. అతణ్ణి ఆపడానికి అప్పటికున్న చట్టాలు చాల్లేదు. దాంతో 1948లో పార్లమెంటు శిక్షాస్మృతిలో ఒక కొత్త నేరాన్ని చేర్చింది. స్వీడిష్‌లో దాని పేరు 'హెట్స్ మోట్ ఫోల్క్‌గ్రుప్'. ఒక జన సమూహాన్ని బెదిరించే మాటలనో, చులకన చేసే మాటలనో జనంలోకి వదలడం ఆ నేరం. జాతి, ఒంటి రంగు, పుట్టిన దేశం, తెగ, మతం దీని కిందికి వస్తాయి. శిక్ష రెండేళ్ళ దాకా జైలు, చిన్నపాటి తప్పయితే జరిమానా. 2003లో లైంగిక ధోరణిని కూడా చేర్చారు, తీవ్రమైన నేరానికి ఆరు నెలల నుంచి నాలుగేళ్ళ దాకా శిక్ష పెట్టారు. 2019 నుంచి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కూడా దీని పరిధిలోకి వచ్చారు.

మన దేశంలోని చట్టంతో పోల్చి చూస్తే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మన పాత శిక్షాస్మృతిలోని 295ఎ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299, మత విశ్వాసాలను కావాలని అవమానించి మనోభావాలను గాయపరచడాన్ని నేరంగా చూస్తుంది. స్వీడన్‌లో అలాంటి చివరి సెక్షన్‌ను 1970లోనే ఎత్తేశారు. అక్కడ ఒక మతాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా నేరం కాదు. ఆ మతం వాళ్ళను మనుషులుగా కించపరిస్తే నేరం. స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్‌లలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళకు కూడా ఒంటి రంగు, పుట్టిన దేశం ఆధారంగా ఇదే చట్టం రక్షణ ఇస్తుంది. మతానికీ మనుషులకూ మధ్య ఉన్న ఈ గీత చెప్పినంత తేలిగ్గా దొరకదని తర్వాతి కేసుల్లో తేలింది.

చట్టంలో ఇంకో మార్పు సంగీతం విషయంలో చాలా ముఖ్యమైనది. మొదట్లో విద్వేషం బహిరంగంగా జరిగితేనే నేరం. దాంతో ఇది మా సంఘం సభ్యుల సమావేశం, బయటివాళ్ళెవరూ లేరు అని తప్పించుకునే వీలుండేది. 1989 నుంచి ఆ షరతు పోయింది. సందేశం వ్యాపిస్తే చాలు, సంఘం లోపల వ్యాపించినా నేరమే. ఇంట్లో నలుగురు మాట్లాడుకునే మాటల దాకా చట్టం రాదు కానీ, టికెట్ పెట్టి సభ్యులను పోగేసిన హాలు మాత్రం ఇల్లు కాదు.

ఇక రెండో వైపు. ప్రపంచంలో మొట్టమొదటి పత్రికా స్వేచ్ఛా చట్టం 1766లో స్వీడన్‌లోనే వచ్చింది. అక్కడివాళ్ళు దాన్ని చరిత్ర పాఠంగా మాత్రమే చూడరు. 1949లో తిరగరాసిన పత్రికా స్వేచ్ఛా చట్టం ఇప్పటికీ రాజ్యాంగంలో భాగం. 1992 జనవరి 1న దానికి తోడుగా భావప్రకటనా స్వేచ్ఛ ప్రాథమిక చట్టం అమల్లోకి వచ్చింది. రేడియో, టీవీ, సినిమాలతో పాటు ధ్వని రికార్డింగులను కూడా అది రాజ్యాంగ రక్షణలోకి తెచ్చింది. క్యాసెట్ పోయి సీడీ వస్తున్న రోజులవి. నయా నాజీ బ్యాండ్లు గ్యారేజీల్లోంచి బయటికొస్తున్న రోజులు కూడా అవే. ఈ రెండూ ఒకేసారి జరగడం యాదృచ్ఛికమే అయినా దాని ప్రభావం చాలా పెద్దది.

ఈ రక్షణ ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. సీడీ మీద దాన్ని ఎవరు తయారు చేయించారు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలు ఉండాలి. దాన్ని వెలువరించే బాధ్యులుగా ఒకరిని నియమించాలి. పాటలో నేరం ఉందని తేలితే శిక్ష ఆ బాధ్యుడికే పడుతుంది, రాసినవాడికీ పాడినవాడికీ కాదు. బాధ్యుడు లేకపోతే తయారు చేయించినవాడు, అతనూ దొరక్కపోతే పంపిణీ చేసినవాడు, ఇలా ఒక వరుస ఉంటుంది. ఎప్పుడైనా ఒక్కరే బాధ్యులు. ప్రభుత్వం రచయితలను, గాయకులను, సమాచారం ఇచ్చినవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని వేటాడకుండా ఉండటానికి పెట్టిన నియమం ఇది. పత్రికలకు దీనివల్ల ఎంతో మేలు జరిగింది. విద్వేష గీతం రాసినవాడికీ అదే మేలు జరిగింది.

కోర్టు ఎలా ఆలోచించాలో కూడా ఆ చట్టమే చెబుతుంది. స్వేచ్ఛాయుత సమాజానికి భావప్రకటన పునాది అని గుర్తుంచుకోవాలి. మాటల వరస కన్నా మొత్తం ఉద్దేశాన్ని చూడాలి. అనుమానం ఉంటే శిక్షించడం కన్నా వదిలేయడం వైపే మొగ్గాలి. స్వీడన్‌లో మామూలు క్రిమినల్ కేసులకు జ్యూరీ లేదు. పత్రికా స్వేచ్ఛ, భావప్రకటన కేసులకు మాత్రమే ఉంది. అందులో ఆరుగురు ఒక గుంపు, ముగ్గురు ఇంకో గుంపు. మొత్తం తొమ్మిది మందిలో కనీసం ఆరుగురు తప్పు అంటేనే తప్పు. జ్యూరీ తప్పని తేల్చినా జడ్జీలు వదిలేయవచ్చు. జ్యూరీ వదిలేస్తే మాత్రం జడ్జీలు శిక్షించలేరు. ఏ మలుపు దగ్గర చూసినా తలుపు నిందితుడి వైపే తెరిచి ఉంటుంది. ప్రభుత్వాన్ని ప్రశ్నించే పత్రికను దృష్టిలో పెట్టుకుని కట్టిన ఏర్పాటు కాబట్టి అలా ఉండటమే సరైనది. యూదులను చంపాలని పాడే బ్యాండుకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందని దాన్ని రాసినవాళ్ళు ఎంతవరకు ఊహించారో చెప్పలేం.

ఈ సంగీతం బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడి స్కిన్‌హెడ్ (గుండు కొట్టించుకుని తిరిగే కుర్రాళ్ళ వర్గం) బ్యాండ్ స్క్రూడ్రైవర్, దాని గాయకుడు ఇయాన్ స్టువర్ట్ డొనాల్డ్‌సన్ 1987లో మొదలుపెట్టిన బ్లడ్ అండ్ ఆనర్ నెట్‌వర్క్, వీటి ప్రభావంతోనే యూరప్ అంతా ఇలాంటి బ్యాండ్లు పుట్టుకొచ్చాయి. స్వీడన్‌లో 1980ల చివర్లో గోథెన్‌బర్గ్‌కు చెందిన డిర్లెవాంగర్ లాంటి బ్యాండ్లు కనిపించాయి. ఆ పేరు హిట్లర్ ఎస్ఎస్ దళంలో అత్యంత క్రూరుడిగా పేరుమోసిన అధికారిది. పేరు పెట్టడంలోనే వాళ్ళ ఉద్దేశం తెలుస్తోంది.

దీనికి పక్కనే ఇంకో పాయ నడిచింది, దాన్ని వైకింగ్ రాక్ అన్నారు. నీషోపింగ్‌లో పుట్టిన ఉల్టిమా థూలే అనే బ్యాండ్ జానపద బాణీలు, జాతీయ గీతాలు, పూర్వీకుల వీరగాథలు కలిపి పాడేది. తాము జాతి వివక్షకు వ్యతిరేకమని వాళ్ళు పదేపదే చెప్పుకున్నారు. అయితే తొలి రోజుల్లో 'స్వీడన్‌ను స్వీడిష్‌గా ఉంచుదాం' అనే వలస వ్యతిరేక సంస్థతో వాళ్ళకున్న సంబంధం జనం మరిచిపోలేదు. ఈ రోజు పార్లమెంటులో ఉన్న స్వీడన్ డెమొక్రాట్స్ పార్టీ 1988లో పుట్టింది కూడా ఆ సంస్థ వారసత్వంలోంచే. ఉల్టిమా థూలే ఆల్బమ్‌లను బెర్ట్ కార్ల్‌సన్ అనే వ్యాపారి కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. 1991 ఎన్నికల్లో 6.7 శాతం ఓట్లతో 25 సీట్లు గెలిచిన న్యూ డెమొక్రసీ పార్టీ ఇద్దరు నాయకుల్లో ఆయన ఒకరు. 1993 నాటికి ఆ బ్యాండ్ దేశంలో ఎక్కువగా అమ్ముడైన రికార్డుల పట్టికలోకి ఎక్కింది.

ఆ రెండు మూడేళ్ళు స్వీడన్‌కు తేలికైనవి కావు. బ్యాంకులు కుదేలై నిరుద్యోగం పెరిగింది. ప్రధానంగా యుగోస్లావియా ముక్కలవడం వల్ల 1992 ఒక్క ఏడాదిలోనే దాదాపు 84,000 మంది ఆశ్రయం కోరారు. 1991 ఆగస్టు నుంచి 1992 జనవరి దాకా ఒక దుండగుడు వలసవచ్చిన వాళ్ళనుకున్న పదకొండు మందిని కాల్చాడు, ఒకరు చనిపోయారు. 1993లో ట్రోల్‌హెట్టన్‌లో మసీదును తగలబెట్టారు. అలాంటి గాలిలో పూర్వీకుల వీరత్వం గురించిన పాట ఒక్కో చెవికి ఒక్కోలా వినిపిస్తుంది. చట్టం మాత్రం గాలిని విచారించలేదు. ఎవరినీ పేరుపెట్టి కించపరచని దేశభక్తి గీతం ఏ సెక్షన్ కిందికీ రాదు, రాకూడదు కూడా. అందుకే వైకింగ్ రాక్ జోలికి కోర్టులు పోలేదు. దాన్ని దాటి లోపలికి వెళ్ళిన కుర్రాళ్ళకు మాత్రం ఆ పక్కనే తర్వాతి మెట్టు సిద్ధంగా ఉంది.

ఆ మెట్టుకు స్వీడిష్‌లో ఉన్న పేరు 'వీట్ మక్త్', అంటే శ్వేత అధికారం. పెద్ద షాపులు ఈ సీడీలు పెట్టుకోవు, రేడియోలో రావు. పోస్టులో వచ్చే క్యాటలాగులు, సొంత పత్రికలు, కచేరీల దగ్గర పెట్టే బల్లలు, ఇవే దాని బజారు. నోర్డ్‌లాండ్, రాగ్నారాక్, మిడ్‌గార్డ్ లాంటి కంపెనీలు సీడీలు వేశాయి. సీడీ తయారీ ఖర్చు తక్కువ, అమ్మకం ధర ఎక్కువ. వచ్చిన డబ్బు పత్రికలకు, ప్రయాణాలకు, సంస్థలకు వెళ్ళింది. చందాలు అడుక్కునే చిన్న చిన్న నాజీ గుంపులకు మొదటిసారి సొంత ఆదాయం దొరికింది. ఈ ఉద్యమాన్ని దశాబ్దాలుగా పరిశోధించిన చరిత్రకారిణి హెలేన్ లూవ్ ఈ సంగీతానికి ఆ ఉద్యమంలో కేంద్ర స్థానం ఉందని చూపించారు. కరపత్రం చదవని పదిహేనేళ్ళ కుర్రాడు కూడా పాట వింటాడు, పదిసార్లు విని నోటికి తెచ్చుకుంటాడు.

మార్కెట్ స్వీడన్‌కే పరిమితం కాలేదు. జర్మనీలో నాజీ చిహ్నాల మీద నేరుగా నిషేధం ఉంది. 1990ల మొదట్లో అక్కడ శరణార్థుల ఇళ్ళ మీద దాడులు జరిగాక ప్రభుత్వం రికార్డు కంపెనీల మీద సోదాలు చేసింది. దాంతో తయారీ ఉత్తరానికి జరిగింది. స్వీడన్, డెన్మార్క్‌లలో అచ్చయిన సీడీలు పోస్టులో జర్మనీకి వెళ్ళేవి. ఏడాది గడువు దాటిపోయిన సీడీ మీద స్వీడన్‌లో కేసు పెట్టలేరు. తక్కువ మంది చేతుల్లో నెమ్మదిగా తిరిగే సరుకు అధికారుల కంట పడేసరికే చాలాసార్లు ఆలస్యం అయ్యేది. పత్రిక విషయంలో ఇలాంటి చిన్న గడువు న్యాయమే, పాత వ్యాసం మీద ప్రభుత్వం పగ తీర్చుకోకుండా ఆపుతుంది. ఏళ్ళ తరబడి అదే డబ్బా నుంచి అమ్ముకునే సీడీకి అదే గడువు పెట్టడం మాత్రం చట్టంలోని లోపమే. పత్రికా స్వేచ్ఛను వీసమెత్తు తగ్గించకుండా సరిదిద్దగలిగిన లోపం కూడా.

1997లో నేర నివారణ మండలి, స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం కలిసి బడి పిల్లల మీద చేసిన సర్వే దేశాన్ని కుదిపేసింది. 12 నుంచి 20 ఏళ్ళ వాళ్ళలో సుమారు 12 శాతం ఈ సంగీతాన్ని అప్పుడప్పుడో తరచుగానో వింటామన్నారు. యూదుల ఊచకోత నిజంగా జరిగిందని గట్టిగా నమ్ముతున్న పిల్లల శాతం కూడా ఊహించినదాని కన్నా తక్కువ తేలింది. ప్రధాని యోరన్ పెర్షన్ 'సజీవ చరిత్ర' అనే ప్రచారాన్ని మొదలుపెట్టారు. ఊచకోత గురించి పుస్తకం వేయించి అడిగిన ప్రతి కుటుంబానికీ ఉచితంగా ఇచ్చారు. ఆ ప్రచారంలోంచే 2003లో ఒక శాశ్వత ప్రభుత్వ సంస్థ పుట్టింది. కోర్టు చెయ్యలేని పనిని బడితో చేయించాలన్న ఈ నిర్ణయం, ఆ పదేళ్ళలో స్వీడన్ తీసుకున్న అన్నిటికన్నా తెలివైన నిర్ణయాల్లో ఒకటి.

అదే సమయంలో పోలీసులు వేదికల వైపు తిరిగారు. సీడీ మీద చేతులు కట్టేసిన చట్టం కచేరీ మీద కట్టెయ్యలేదు. 1998 జనవరి 3న స్టాక్‌హోమ్‌కు ఉత్తరాన బ్రోట్‌బీ అనే ఊళ్ళో అలాంటి కచేరీ జరుగుతుంటే పోలీసులు దిగి 300 మందికి పైగా అదుపులోకి తీసుకున్నారు. వేదిక మీద అమెరికా నుంచి వచ్చిన బ్యాండ్ కూడా ఉంది. అదే మాట సీడీలో ఉంటే బాధ్యుణ్ణి వెతకాలి, జస్టిస్ చాన్సలర్‌కు రాయాలి, జ్యూరీని పిలవాలి. హాల్లో మాత్రం ఎవరు చెయ్యి పైకెత్తి నాజీ సెల్యూట్ చేశారో, ఎవరు ఏ నినాదం ఇచ్చారో చూసిన పోలీసులే సాక్షులు. 1989 సవరణ వల్ల ఇది మా సొంత కార్యక్రమం అన్న వాదనకు కూడా బలం లేకపోయింది.

అంతకు రెండేళ్ళ ముందు, 1996లో, సుప్రీంకోర్టు ఇంకో తలుపు తెరిచింది. బట్టల మీద నాజీ కాలాన్ని గుర్తుచేసే చిహ్నాలు పెట్టుకుని తిరిగిన ఒకరి కేసులో, నోటితో ఏమీ అనకపోయినా చిహ్నం కూడా సందేశమేనని, అది విద్వేష ప్రచారం కిందికి రాగలదని తీర్పిచ్చింది. స్వీడన్‌లో స్వస్తిక గుర్తును పేరుపెట్టి నిషేధించిన చట్టం లేదు. ఎక్కడ, ఎలా, ఏ ఉద్దేశంతో చూపించారన్నదే కోర్టు చూస్తుంది. ఈ తీర్పు తర్వాత బ్యాండ్ల కవర్లు, టీషర్టులు, వేదిక మీద జెండాలు అన్నీ విచారణ పరిధిలోకి వచ్చాయి.

బ్యాండ్లు కూడా చట్టాన్ని చదువుకున్నాయి. 'హైల్ హిట్లర్' అనే నాజీ నినాదం బదులు 88 అంకె వచ్చింది, ఆంగ్ల వర్ణమాలలో ఎనిమిదో అక్షరం హెచ్ రెండుసార్లు. ఒక అమెరికన్ జాత్యహంకారి నినాదంలోని పదాల లెక్క 14. యూదు అన్న మాట బదులు 'వాళ్ళు', యుద్ధం బదులు 'తుఫాను', హత్య బదులు 'పూర్వీకుల పగ'. బయటివాడికి పురాణంలా వినిపిస్తుంది, లోపలివాడికి సూటిగా తగులుతుంది. అనుమానం ఉంటే వదిలెయ్యమని చెప్పే చట్టం ముందు కావాలనే అనుమానాన్ని తయారుచేసి పెట్టడం ఈ పద్ధతి. దీన్ని చట్టం గెలుపు అనాలా ఓటమి అనాలా? బహిరంగంగా చంపుదాం అని పాడే ధైర్యం తగ్గింది కాబట్టి కొంత గెలుపే. కానీ గట్టిగా అరిచే పాట కన్నా నాజూకుగా రాసిన పాట ఎక్కువ ఇళ్ళలోకి వెళ్తుంది. శుభ్రమైన గొంతుతో, మెల్లని బాణీలతో పాడిన సాగా అనే గాయని దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. 2011లో నార్వేలో 77 మందిని చంపిన ఆండెర్స్ బ్రేవిక్ తన ప్రకటనలో ఆమె పాటలను పొగిడాడు. ఆ హత్యలను ఆమె ఖండించింది, తనకు ఏ సంబంధమూ లేదంది. చట్టపరంగా ఆ మాట నిజమే.

స్వీడన్‌లో ఈ సంగీతం చుట్టూ ఉన్న భ్రమలు 1999లో పోయాయి. మే నెలలో మాలెక్సాండర్ అనే ఊళ్ళో బ్యాంకు దోపిడీ చేసి పారిపోతున్న నయా నాజీలు ఇద్దరు పోలీసులను కాల్చి చంపారు. అక్టోబరు 12న బ్యోర్న్ సోడెర్‌బెర్గ్ అనే కార్మిక సంఘం సభ్యుణ్ణి స్టాక్‌హోమ్‌లో ఆయన ఇంటి దగ్గరే చంపారు. తనతో పనిచేసే ఒక నాజీ, యూనియన్ కమిటీలో చేరిన సంగతిని ఆయన బయటపెట్టారు, అదే ఆయన చేసిన తప్పు. నవంబరు 30న ఒకదానికొకటి పోటీ పత్రికలైన దాగెన్స్ నీహెతెర్, స్వెన్‌స్కా దాగ్‌బ్లాదెత్, ఆఫ్తోన్‌బ్లాదెత్, ఎక్స్‌ప్రెస్సెన్ నాలుగూ కలిసి నయా నాజీలు సహా 62 మంది ఫోటోలు, పేర్లు ఒకేసారి ప్రచురించాయి. పత్రికా స్వేచ్ఛ చట్టాన్ని ఆ రోజు ఎవరు ఏ పనికి వాడుకున్నారో చూస్తే, దాన్ని బలహీనపరచి నాజీలను ఆపుదామన్న వాదనలోని ప్రమాదం అర్థమవుతుంది. ఆ కవచం వాళ్ళ సీడీలను కాపాడింది నిజమే. వాళ్ళ ముఖాలను దేశానికి చూపించిన పత్రికలను కాపాడింది కూడా అదే.

ఈ హత్యలకు ముందే, 1998లో, ఉద్యమంలోంచి బయటికొచ్చిన ఒక మాజీ నాజీ చొరవతో ఎగ్జిట్ అనే సంస్థ మొదలైంది. అందులోంచి బయటపడాలనుకునే వాళ్ళకు ఇల్లు, పని, మాట్లాడే మనిషి దొరికేలా చూడటం దాని పని. ఉద్యమాన్ని వదలడమంటే స్నేహితులందరినీ, రోజూ వినే పాటలను కూడా వదలడం. ఈ పని ఏ తీర్పుతోనూ జరగదు.

కోర్టుల్లో గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు రెండు తీర్పులు దారి చూపాయి, రెండూ సంగీతం కేసులు కావు. ఓకె గ్రీన్ అనే పాస్టర్ 2003లో బోర్గ్‌హోల్మ్ చర్చిలో స్వలింగ సంపర్కులను సమాజానికి పట్టిన పుండుగా వర్ణిస్తూ ప్రసంగించాడు. స్వీడిష్ చట్టం మాటల ప్రకారం అది నేరమేనని, కానీ భావప్రకటనా స్వేచ్ఛకు హామీ ఇచ్చే యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక పదో అధికరణం దృష్ట్యా శిక్షించలేమని సుప్రీంకోర్టు 2005లో వదిలేసింది. మరుసటి ఏడాది అదే కోర్టు, ఒక బడిలో పిల్లల లాకర్లలో అలాంటి కరపత్రాలే పెట్టిన యువకులను శిక్షించింది. తమ ఇష్టప్రకారం చర్చికి వచ్చి వినే పెద్దలు వేరు, తప్పించుకునే వీలులేని చోట చేతికందే పిల్లలు వేరు. 2012లో స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు కూడా ఆ శిక్షను సమర్థించింది. బడి గేటు దగ్గర పంచే సీడీలకు ఈ తర్కం సరిగ్గా అతుకుతుంది.

ఇంతలో సీడీనే పోయింది. పోస్టు క్యాటలాగుల వ్యాపారం ఇంటర్నెట్ ముందు నిలవలేదు, దానితో పాటే ఉద్యమానికి వచ్చే డబ్బూ తగ్గింది. కోర్టులు తేలేని మార్పును ఉచితంగా దొరికే ఎంపీ3 ఫైళ్ళు తెచ్చాయని చెప్పాలి. కానీ పాటలు పోలేదు. 2017 ఆగస్టులో అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో శ్వేతజాతి వాదుల ఊరేగింపు, హత్య జరిగాక, విద్వేష బ్యాండ్లుగా గుర్తించిన 37 పేర్లు స్పాటిఫైలో ఉన్నాయని ఒక సంగీత వార్తా సంస్థ బయటపెట్టింది. స్టాక్‌హోమ్‌లో పుట్టిన ఆ కంపెనీ చాలావాటిని వెంటనే తీసేసింది. జస్టిస్ చాన్సలర్ లేరు, జ్యూరీ లేదు, ఏడాది గడువు లేదు. ఆ బ్యాండ్ల కోసం ఎవరూ కన్నీళ్ళు పెట్టనక్కర్లేదు. అయినా స్వీడన్ 250 ఏళ్ళుగా కట్టుకున్న పద్ధతిలో కారణం రాసి చూపించాలి, వాదన వినాలి, తీర్పును బయట పెట్టాలి. కంపెనీ నిర్ణయంలో వీటిలో ఏదీ లేదు. మరుసటి ఏడాది స్పాటిఫై విద్వేష నియమాలను పెంచి, విమర్శలు రాగానే కళాకారుల ప్రవర్తనకు సంబంధించిన భాగాన్ని వెనక్కి తీసుకుంది. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని అధికారం ఎంత తొందరగా అటూ ఇటూ ఊగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

చట్టం కూడా కదులుతూనే ఉంది. 2024 జులై నుంచి యూదుల ఊచకోత జరగలేదనడం, దాన్ని తక్కువ చేసి చూపడం గురించి శిక్షాస్మృతిలో విడిగా రాశారు. అంతకుముందు అలాంటి పాటను శిక్షించాలంటే అది యూదులను చులకన చేస్తోందని వేరుగా నిరూపించాల్సి వచ్చేది.

సంగీతానికీ ఈ చట్టానికీ మధ్య ఇటీవల వచ్చిన ఆసక్తికరమైన తీర్పు మాత్రం ఒక బ్యాండ్ మీద వచ్చింది కాదు. 2020 సెప్టెంబరులో లిన్‌షోపింగ్ పెద్ద చర్చి ముందు ఒకతను బార్బెక్యూ పొయ్యి మీద పంది మాంసంతో పాటు ఖురాన్‌ను కాల్చి, ఆ వీడియోను ట్విట్టర్‌లో, యూట్యూబ్‌లో పెట్టాడు. తాను మతాన్ని విమర్శించానని, మనుషులను కాదని కోర్టులో వాదించాడు. స్వీడన్ చట్టంలో అది బలమైన వాదనే. కానీ వీడియో వెనక ఒక పాట పెట్టాడు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపిన హంతకుడితో ముడిపడిన పాట అది. ఆ పాటను ఎంచుకోవడంతో అతని ఉద్దేశం మత విమర్శ కాదని, ముస్లింలను బెదిరించడమేనని స్పష్టమవుతోందని 2023 అక్టోబరులో జిల్లా కోర్టు తేల్చింది. స్వీడన్‌లో ఖురాన్ దహనం వ్యవహారంలో ఈ నేరం కింద శిక్ష పడటం అదే మొదటిసారి. సోషల్ మీడియా పోస్టుకు సీడీకి ఉన్న రాజ్యాంగ కవచం లేదు కాబట్టి కేసు మామూలు కోర్టులోనే నడిచింది. పాటలో ఏ మాట నేరం అన్న విచారణ అవసరమే రాలేదు. దాన్ని ఎక్కడ, దేనికి జోడించాడన్నదే సాక్ష్యం అయింది.